పళ్ళెం వెంట తుమ్మెద

ఆ వీడియోని జనం ఇప్పటికీ చూస్తూనే ఉంటారు. పచ్చటి పల్లం మీదుగా నారింజ రంగు డిస్కు ఒకటి పోతూ ఉంటుంది. దాని వెనకే, దాని ఎత్తులోనే, ఎవరో మనల్ని భుజాన ఎక్కించుకుని తీసుకెళ్తున్నట్టు కెమెరా పోతుంది. చెట్ల కొసలు కిందనుంచి జారిపోతాయి. డిస్కు ముందు కుడికి ఒక్క పిసరు వంగుతుంది, మనసు మార్చుకున్నట్టు ఎడమకి తిరుగుతుంది, దిగి దిగి గొలుసుల బుట్టలో పడుతుంది. గొలుసులు ఊగుతాయి. చప్పుడేమీ ఉండదు. డ్రోన్‌కి కన్నే గాని చెవి లేదు. తర్వాత ఎవరో దానికి వాయిద్యాల మోత అతికించారు.

విసిరిన మనిషి మాత్రం అందులో లేదు. మొదట్లో రెప్పపాటు ఒక టోపీ, ఒక వీపు కనపడతాయి. అంతే.

అది తీసినాయన ఫోన్లు బాగుచేసుకునే మనిషి. దుకాణానికి వచ్చిన ఎవరైనా ఆ వీడియో చూపించి ఇది మీరు తీసిందేనటగా అంటే, చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే ఊఁ కొడతాడు. విసిరిందెవరని అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే "మా అక్క" అంటాడు. ఇక ఆ పూటంతా అతనితో మాట్లాడటం గోడతో మాట్లాడినట్టే.

దుకాణం ఎంత ఇరుకంటే లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి రోడ్డు మీద నుంచే బేరమాడాలి. బల్ల మీద భూతద్దం తగిలించిన దీపం, అద్దాలు పగిలిన ఫోన్లు, ఒక ఫోను చిన్న మరలు ఇంకోదాని మరలతో కలవకుండా వరసగా సీసా మూతలు. ఈ బల్ల మీదకే ఒకరోజు ఇళ్ళు అమ్మిపెట్టే పెద్దమనిషి ఒకాయన రెక్కలు విరిగి, కెమెరా మెడ వాలిపోయిన డ్రోన్ తెచ్చి పడేశాడు. కరెంటు తీగకి కొట్టుకుందట. బాగుచేసే ఖర్చు విని, నువ్వే ఉంచుకోవయ్యా అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. తమ్ముడు దాన్ని విప్పాడు, కట్టాడు, మళ్ళీ విప్పాడు. మొదటిసారి వెనకసందులో ఎగరేస్తే అది తిన్నగా పోయి పక్కింటావిడ దండెం మీద ఆరేసిన దుప్పటిలో దూరింది. దుప్పటిని పట్టుకున్న ఆవిడ దాంతో పాటు తనూ పైకి పోతున్నాననుకుని పెట్టిన కేకకి సందు సందంతా బయటికొచ్చింది. దాని రొద విన్న అక్క ఆరోజే దానికి తుమ్మెద అని పేరు పెట్టింది.

అక్క కర్టెన్ల దుకాణంలో పనిచేసేది. కొలవడం, కత్తిరించడం, కుట్టడం, కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి నిచ్చెనెక్కి తగిలించడం, అన్నీ ఆమే. ఆమె గుడ్డ పరిచే తీరు చూసి తీరాలి. చుట్టగా ఉన్న తానుని ఎడమచేత్తో ఆపి, కుడిచేత్తో అంచు పట్టుకుని ఒక్క విసురు విసిరేది. గుడ్డ ఎగిరి, బల్ల పొడుగునా ముడత లేకుండా వచ్చి పడుకునేది. యజమాని కొత్తగా వచ్చిన గిరాకీని కూర్చోబెట్టి మరీ ఆ విసురు చూపించేవాడు.

ఊరి చివర ఎత్తుపల్లాల మైదానంలో డిస్కులు విసిరే ఆట ఆడతారు. గోల్ఫులాంటిదే, బంతి బదులు చేత్తో విసిరే డిస్కు, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. అక్కడి క్లబ్బు గదులకి కర్టెన్లు తగిలించడానికి వెళ్ళిన అక్క, పని అయ్యాక అరుగు మీద కూర్చుని ఆట చూస్తుంటే ఎవరో సరదాకి ఒక డిస్కు చేతికిచ్చారు. ఆమె దాన్ని గుడ్డ అంచు పట్టుకున్నట్టు పట్టుకుని, గుడ్డ విసిరినట్టే విసిరింది. అది పోయిన దూరానికి ఇచ్చినాయన తన టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టాడు. ఆ టోపీయే ఆమె ఆఖరిదాకా పెట్టుకుంది.

అలా అక్క ఆటలోకీ, అక్క వెనకాల తమ్ముడు మైదానంలోకీ వచ్చారు. ఆ క్లబ్బు చిన్నది. పెద్ద పోటీల్లోలాగా నేల మీద ఇద్దరు, బుట్ట దగ్గర ఒకరు, పైన ఒకరు అని కెమెరాలవాళ్ళు ఉండరు. ఉన్నదల్లా ఒక్క తుమ్మెద. అందుకని ఏది తియ్యాలో ఏది వదలాలో అతని ఇష్టం. ఆటగాళ్ళు అతన్ని పైవాడు అని పిలిచేవారు. ఎవరైనా కాలు గీత దాటించి విసిరితే, పైవాడు చూస్తున్నాడు జాగ్రత్త అని ఏడిపించుకునేవారు.

డిస్కు వెంట పోవడం చెప్పినంత తేలిక కాదు. చేతిలోంచి బయటపడ్డాక అది కంటికి ఒక గీత. అప్పుడు కదిలితే ఇక అందదు. అరక్షణం ముందే బొటనవేలు కదలాలి, ముందే కెమెరా మనిషిని వదిలి ముందుకి చూడాలి. ఆ అరక్షణం ఎప్పుడో విసిరేవాళ్ళ ఒళ్ళే చెబుతుంది. ఒకడు మోకాలు వంచుతాడు. ఒకావిడ గడ్డాన్ని భుజానికి ఆనిస్తుంది. ఉత్తరాలు పంచే ఒకాయన నాలుక బయటపెడతాడు. నాలుక పైనుంచి కనపడదుగాని దానితో పాటు తల కూడా ముందుకొస్తుంది. అందరి ఆనవాళ్ళూ తమ్ముడికి కంఠతా వచ్చు.

అక్క ఒక్కతే చాలాకాలం దొరకలేదు. బల్ల దగ్గర గుడ్డ విసిరినట్టే, ఏ సూచనా లేకుండా వదిలేసేది. ఆమె డిస్కుల్ని ఎన్నిసార్లో గాల్లో పోగొట్టుకుని, సొంత అక్కనే పట్టుకోలేకపోతున్నావని అందరిచేతా అనిపించుకున్నాడు. ఆ వానాకాలం వెళ్ళాక ఎందుకో ఆమె కుడి భుజం, వదలబోయే ముందు, ఒక్క పిసరు కిందికి జారడం మొదలైంది. హమ్మయ్య, దొరికింది అనుకున్నాడు. ఆ తర్వాత అక్క విసిరింది ఒక్కటి కూడా అతని చేజారలేదు. ఆమె భుజం జారగానే తుమ్మెద కదిలేది. చూసేవాళ్ళకి ఇద్దరూ కూడబలుక్కుని చేస్తున్నట్టు ఉండేది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే అక్క మొదటిసారి అడిగింది. ఆట అయ్యాక నడిచి వస్తూ, నేను విసిరేది పక్కనుంచి ఒకసారి తీసిపెట్టరా, చూసుకోవాలనుంది అంది. అద్దంలో చూసుకోరాదా అని అతను నవ్వేశాడు. ఇంకోసారి వంటింట్లో, ఐసుముక్కల సంచి భుజం మీద పెట్టుకుని అడిగింది. నిచ్చెన మీద చెయ్యెత్తి రాడ్డు బిగిస్తుంటే ఎక్కడో కలుక్కుమంటోందనీ, విసరడంలోనే ఏదో తేడా వచ్చినట్టుందనీ చెప్పింది. బస్సు నడిపే బావ అంతకుముందే తన ఫోనుతో తియ్యబోయి, సగం ఆమె చెప్పులూ సగం తన వేలూ తీసి పెట్టాడు. క్లబ్బులో ఇంకెవరినైనా అడగమంటే అక్క ఒప్పుకోలేదు. ఎదుటి ఆటగాళ్ళకి నా చెయ్యి నొప్పని నేనే చాటింపు వేసుకోవాలా, ఇంట్లో ఇంత కెమెరా పెట్టుకుని బయటవాళ్ళ కాళ్ళు పట్టుకోవాలా అంది. తమ్ముడు సరేనన్నాడు. వచ్చేవారం అన్నాడు. వచ్చేవారం రాగానే గాలి బాగుంది, వెలుతురు బాగుంది, పల్లం మీద డిస్కులు అందంగా తేలుతున్నాయి. వాటిని వదిలేసి నేల మీద నిలబడ్డ అక్కని తియ్యడానికి అతనికి మనసొప్పలేదు.

ఇష్టం లేక కాదు. అక్కంటే అతనికి ప్రాణం. కాకపోతే ఎదురుగా ఉన్న మనిషి ఎక్కడికి పోతుంది, డిస్కయితే పోతే మళ్ళీ దొరకదు అన్నది అతని లెక్క.

ఆ ఏటి ఆఖరి పోటీ రోజు పొద్దున, మిగతావాళ్ళు ఇంకా రాకముందు, అక్క మూడోసారి అడిగింది. అతను తడిగడ్డి మీద గోనెసంచి పరిచి తుమ్మెద రెక్కలు బిగిస్తున్నాడు.

"ఒరేయ్, ఇవాళ మొదటి విసురు మాత్రం పక్కనుంచి తియ్యి. నన్ను. పళ్ళెం ఎటైనా పోనీ." ఆమె డిస్కుని ఎప్పుడూ పళ్ళెమే అనేది.

"ఫైనల్ రోజునా అక్కా? పళ్ళెం పోగొట్టానంటే మీ క్లబ్బువాళ్ళు నన్ను తుమ్మెదకి కట్టి ఎగరేస్తారు."

"చెయ్యి నా మాట వినట్లేదురా. ఎక్కడ తప్పుతోందో తెలిస్తే సరిచేసుకుంటాను."

"వచ్చేవారం తీరిగ్గా తీస్తాను. నువ్వొక్కదానివే. ఎన్ని కావాలంటే అన్ని."

"వచ్చేవారం అన్నది నీ ఇంటిపేరు అయిపోయిందిరా" అని నవ్వి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. కోపంగా వెళ్ళినా బాగుండేది.

ఆట మధ్యాహ్నానికి పల్లం దగ్గరికి వచ్చింది. అందరికన్నా వెనక అక్క వంతు. తమ్ముడు, ఆటగాళ్ళు నిలబడి విసిరే అరుగుకి కాస్త పక్కన, ఎండ పడకుండా స్క్రీన్ చుట్టూ కట్టిన నల్ల అట్టలోకి మొహం దూర్చి నిలబడ్డాడు. చెయ్యి చాపితే అందేంత కాదుగాని, పిలిస్తే పలికేంత దగ్గర. తుమ్మెద ఆమె వెనక, పైన, కదలకుండా ఆగి ఉంది. స్క్రీన్‌లో అక్క చిక్కుడుగింజంత ఉంది. గింజ రెండడుగులు వేసింది. కుడి భుజం జారింది, ఎప్పటికన్నా ఎక్కువే జారింది. తమ్ముడి వేలు కదిలింది.

ఆ తర్వాత జరిగింది వీడియోలో ఉన్నదే. అంత నున్నగా అతను ముందెప్పుడూ ఎగరెయ్యలేదు, తర్వాతా ఎగరెయ్యలేదు. డిస్కు బుట్టలో పడగానే వెనక ఒక్కసారిగా కేకలు లేచాయి. లేచినవి సగంలో ఆగిపోయాయి. పడ్డ డిస్కు బయటికి జారిందేమోనని కంగారుగా స్క్రీన్ చూశాడు. లేదు, బుట్టలోనే ఉంది. సరే, అందం కోసమని బుట్ట చుట్టూ తుమ్మెదని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాడు.

అట్టలోంచి తలెత్తేసరికి జనం ఎవరూ బుట్టవైపు చూడటం లేదు. అరుగు చుట్టూ వీపులు. వీపుల సందులోంచి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్న అక్క, ఎడమచేత్తో కుడిచేతిని ఎవరిదో వస్తువులా పట్టుకుని ఉంది. చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు దాటుకుని బావ పరిగెత్తుకొచ్చాడు. తమ్ముడు పరిగెత్తలేకపోయాడు. గాల్లో ఉన్నదాన్ని వదిలేస్తే ఎవరి నెత్తిన పడుతుందో. దాన్ని పల్లం మీద నుంచి వెనక్కి తెచ్చి, దింపి, రెక్కలు ఆగేదాకా నిలబడి, అప్పుడు వెళ్ళాడు. అప్పటికి ఆమెని లేపి నడిపిస్తున్నారు. అతన్ని చూసి "పడిందా?" అని అడిగింది. పడిందన్నాడు.

భుజాల డాక్టరు నెమ్మదైన మనిషి. స్కాన్ ఫొటోలు వెలుతురుకి పెట్టి చూసి, భుజంలో ఈ కండరం ఇవాళ తెగింది కాదు, చాలాకాలంగా నలిగి నలిగి ఇవాళ పూర్తయింది అన్నాడు. ఆమె విసిరేటప్పుడు తీసిన వీడియోలేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"ఉండకపోవడమేంటండీ, మా బావమరిదికి అదే పని" అన్నాడు బావ.

తమ్ముడు ఉత్సాహంగానే తెరిచాడు. ఒకటి పెట్టాడు. చెట్లు, ఆకాశం, బుట్ట. ఇంకోటి పెట్టాడు. పల్లం, ఎండ, బుట్ట. చాలా బాగున్నాయి అన్నాడు డాక్టరు. మరికాసేపు చూసి, "ఇందులో ఈవిడ ఎక్కడున్నారు?" అన్నాడు.

అప్పుడు మొదటికి తిప్పి, బొమ్మ వెనక బొమ్మగా నడిపించాడు. టోపీ. వీపు. రెండడుగులు. భుజం జారింది. ఆ తర్వాతి బొమ్మలో అక్క లేదు. కెమెరా ముందుకి పోయింది. ఇంకోటి తెరిచాడు. అందులోనూ అంతే. ఏది తెరిచినా భుజం జారడంతో ఆమె ఆఖరు. చెయ్యి ముందుకొచ్చే చోటు, డిస్కు వదిలే చోటు, వదిలాక మొహంలో బాధ ఉందో సంతోషం ఉందో తెలిసే చోటు, ఏ ఒక్కదాన్లోనూ లేదు. ఇన్నాళ్ళ ఆటలో అక్క మొహం ఒక్కటంటే ఒక్కటి లేదు.

డాక్టరు వేలితో ఆ జారుడు దగ్గర ఆపాడు. "ఇదిగో, ఇది. నొప్పిని తప్పించుకోవడానికి ఒళ్ళు తనకి తెలియకుండానే చేసే పని ఇది. ఎప్పటినుంచి ఉంది?"

ఆ ప్రశ్నకి లోకంలో జవాబు తెలిసిన మనిషి ఒక్కడే. "వానలు వెళ్ళినప్పటినుంచి" అన్నాడు తమ్ముడు.

"అప్పుడే ఎవరైనా చూసి చెప్పుంటే బాగుండేది" అన్నాడు డాక్టరు, ఎవరినీ ఉద్దేశించకుండా, మందులు రాసుకుంటూ.

మంచం మీది నుంచి అక్క, "నాదేలెండి తప్పు. చిన్న నొప్పేగదా అని నేనే పట్టించుకోలేదు" అంది.

బయట వరండాలో బావ నీళ్ళు తాగి, సీసా అతనికి అందిస్తూ, "అంత పైనుంచి చూస్తే ఏం కనపడుతుందిలే" అన్నాడు. అది ఓదార్పో దెప్పో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆ మాట మాత్రం ముల్లులా అలాగే ఉండిపోయింది.

ఆపరేషన్ అయింది. చెయ్యి భుజం ఎత్తు వరకు లేస్తుంది, అంతకుమించి లేవదు. కర్టెన్లు తగిలించడానికి ఇప్పుడు వేరే మనిషి వెళ్తాడు. అక్క మిషను ముందు కూర్చుని కుడుతుంది. గుడ్డ తాను విప్పాల్సి వస్తే ఎడమచేత్తో దొర్లించి, మెల్లగా తోసుకుంటూ పోయి, ముడతలు నిమురుతుంది. యజమాని గిరాకీలని కూర్చోబెట్టి చూపించేది ఇప్పుడేమీ లేదు. తమ్ముడు ఆ దారిన వెళ్తే ఆ బల్లవైపు చూడకుండా వెళ్తాడు.

ఇటు ఆ వీడియో ఊళ్ళు దాటిపోయింది. పెద్ద పోటీలవాళ్ళు పిలిచారు. అక్కే బలవంతపెట్టి పంపించింది. వెళ్ళాడుగాని చేతులు మునుపటిలా లేవు. ఆటగాడి మోకాలు వంగేది, గడ్డం భుజానికి ఆనేది, ఇక కదలాలని తెలిసేది. వేలు కదిలేది కాదు. చెయ్యి పూర్తిగా ముందుకొచ్చేదాకా, డిస్కు వదిలేదాకా, వదిలాక ఆ మనిషి బాగానే నిలబడ్డాడని చూసేదాకా కెమెరా అక్కడే ఉండిపోయేది. ఈలోపు డిస్కు ఎటో పోయేది. మర్యాదగానే ఇక రావద్దన్నారు. తిరిగొచ్చి తుమ్మెదని పెట్టెలో పెట్టి, దుకాణంలో అటక మీద పడేశాడు.

చాన్నాళ్ళకి ఒక పొద్దున, ఆ ఇరుకు దుకాణం ముందు అక్క వచ్చి నిలబడింది. నెత్తిన పాత టోపీ, ఎడమ భుజాన డిస్కుల సంచి.

"నడువు. వచ్చేవారం వచ్చింది."

"అక్కా, డాక్టరు ఏమన్నాడు..."

"కుడిచెయ్యి వద్దన్నాడు. ఎడమచెయ్యి గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ముందు దాన్ని దించు అటక మీంచి."

పనిరోజు కావడంతో మైదానంలో ఎవరూ లేరు. అదే పల్లం, అదే అరుగు. తమ్ముడు తుమ్మెదని పైకి పంపలేదు. గడ్డి వణికేంత కిందుగా, పక్కనుంచి, ఆమె మొహం ఎత్తులో నిలిపాడు. స్క్రీన్ నిండా అక్క. చెవి పక్కన జుట్టు తెల్లబడిందని అప్పుడే చూశాడు. విసరబోయే ముందు కింది పెదవి పంటి కింద పెట్టుకుంటుందనీ అప్పుడే చూశాడు. ఇదెప్పటినుంచి ఉన్న అలవాటో అడుగుదామనుకుని ఊరుకున్నాడు.

ఆమె ఎడమచేత్తో విసిరింది. కాలు తడబడింది, చెయ్యి తిన్నగా రాలేదు, డిస్కు వంకరగా లేచి చెట్లవైపు పోయింది. తమ్ముడి వేళ్ళు కదల్లేదు. అక్కనే చూస్తున్నాడు. విసిరిన అక్క డిస్కు పోయినవైపు చూడలేదు. తలెత్తి, వెనక్కి తిరిగి, పైన ఖాళీ ఆకాశంలో దేనికోసమో వెతికింది. దొరక్క అటూ ఇటూ చూసి, పక్కనే మొహానికెదురుగా ఉన్న తుమ్మెదని చూసి నవ్వేసింది.

"ఏం వెతుకుతున్నావక్కా అక్కడ?"

"నిన్నేరా. దగ్గర కుట్టు చూసే కళ్ళు ఇవి. అంత దూరం పోయాక పళ్ళెమూ కాకీ నాకు ఒకటే. విసరడం వరకే నా వంతు. తర్వాత పైకి చూసేదాన్ని. నీ తుమ్మెద ఎటు పోతే అటు పడిందన్నమాట. అది ఆగిన చోటికి నడుచుకుంటూ వెళ్ళేదాన్ని. నువ్వు పోగొట్టుకుంటే నేనూ పోగొట్టుకునేదాన్ని."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

తమ్ముడు అట్టలోంచి మొహం బయటికి తియ్యలేదు. అక్కే, "సరే, ఇప్పుడది ఎక్కడ పడింది?" అంది. అతను చూడలేదన్నాడు. తనూ చూడలేదంది. "బాగుంది వరస" అని సంచి అక్కడే పెట్టి చెట్లవైపు నడిచింది.

పొదలు జరిపి, ఆకులు తోసి చాలాసేపు వెతికారు. ఆఖరికి నారింజ రంగు ఒక కొమ్మ పంగలో కనపడింది. పెద్ద ఎత్తేమీ కాదు. ముందు చూసింది అక్క. అలవాటు కొద్దీ కుడిచెయ్యి ఎత్తింది. చెయ్యి భుజందాకా లేచి ఆగిపోయింది. ఆగిన చేతిని ఆమె ఒక క్షణం చూసుకుని, కిందికి దించి, చీమ ఏదో పాకినట్టు మోచెయ్యి గోక్కుంది.

తమ్ముడు వెనకే ఉన్నాడు. అంతా చూశాడు. ముందుకొచ్చి, మునివేళ్ళ మీద లేచి, డిస్కు తీసి ఆమె ఎడమచేతికి ఇచ్చాడు.

"ఇంకోటి విసరనా?" అంది అక్క.

విసరమన్నాడు.